మంచం మీది గంటలన్నీ నిద్ర కాదు

పగటి అలసటకు మందు రాత్రి ఎక్కువసేపు పడుకోవడమేనన్నది తెలుగు ఇళ్లలో ఎవరూ ప్రశ్నించని మాట. కళ్లు మూతలు పడుతున్నాయంటే నిద్ర చాల్లేదని, చాలకపోతే ఈ రాత్రి నుంచే పెందలాడే మంచమెక్కాలని, సెలవు రోజున పొద్దెక్కేదాకా లేవకూడదని పెద్దవాళ్లు చెబుతారు. ఆరోగ్య శీర్షికలూ అదే చెబుతాయి. తీరిక లేని డాక్టర్లూ అదే చెప్పి పంపేస్తారు. ‘ఎనిమిది గంటలు పడుకో’ అన్న సలహా ఇంతగా పాతుకుపోవడానికి భాష కూడా కొంత సాయం చేసింది. తెలుగులో ‘పడుకున్నాడు’ అంటే మంచం మీద వాలాడనీ అర్థమే, నిద్రపోయాడనీ అర్థమే. ఒకే మాటలో ఒదిగిన ఈ రెండూ నిజానికి వేరు. మంచమెక్కిన గంటలకూ నిద్రపోయిన గంటలకూ మధ్య రోజూ రెండు గంటల తేడా ఉన్న మనిషికి ‘ఇంకాసేపు పడుకో’ అని చెప్పడం, దాహమన్నవాడికి నీళ్లు పోయకుండా చెంబు మార్చి పెద్దది ఇవ్వడం లాంటిది.

నిద్ర అక్కర్లేదని ఇక్కడ వాదన కాదు. 2015లో అమెరికాలోని రెండు నిద్రవైద్య సంఘాలు కలిసి పెద్దవాళ్లకు రాత్రికి 7 గంటలు, ఆపైన నిద్ర కావాలని తేల్చాయి. ఆ మాటను కాదనే ఆధారమేదీ లేదు. అయితే ఆ 7 గంటలు నిద్రలో ఉన్న గంటలు, దుప్పటి కప్పుకున్న గంటలు కావు. రాత్రి పదకొండుదాకా చదివించి తెల్లవారుజామున నాలుగున్నరకు లేపే హాస్టలు పిల్లవాడికీ, రెండు డ్యూటీలు చేసే డ్రైవరుకూ నిజంగానే గంటలు తక్కువ. వాళ్ల విషయంలో ‘ఎక్కువసేపు పడుకోవాలి’ అన్నది సరైన మాటే. కాకపోతే అది వాళ్లకు చెప్పాల్సింది కాదు, వాళ్ల టైంటేబులు రాసేవాళ్లకు చెప్పాల్సింది. ఖండించాల్సింది మరొకటి: సమయం ఉండి, మంచమెక్కి, అయినా పొద్దున అలసటతో లేచే లక్షల మందికి కూడా అదే చీటీ రాసివ్వడం.

ఈ నమ్మకాన్ని నేరుగా పరీక్షించిన అధ్యయనం ఒకటి తెలుగు నేలకు దగ్గర్లోనే, చెన్నైలో జరిగింది. పెద్రో బెస్సోనే, గౌతమ్ రావు, ఫ్రాంక్ షిల్‌బాక్, హెదర్ స్కోఫీల్డ్, మ్యాటీ టోమా అనే ఆర్థికశాస్త్రవేత్తలు తక్కువ ఆదాయం గల 452 మందికి సుమారు నెల రోజులు డేటా ఎంట్రీ పని ఇచ్చారు. చేతికి గడియారంలా కట్టే పరికరంతో వాళ్ల రాత్రులను కొలిచారు. ఫలితాలు 2021లో క్వార్టర్లీ జర్నల్ ఆఫ్ ఎకనమిక్స్‌లో అచ్చయ్యాయి. మొదట తేలింది ఏమిటంటే, ఆ మనుషులు రాత్రికి 8 గంటలు మంచం మీద ఉంటున్నారు, నిద్ర మాత్రం 5 గంటల 30 నిమిషాలే. మిగతా రెండున్నర గంటలు దొర్లడం, ఉలిక్కిపడడం, చెమట తుడుచుకోవడం. వాళ్లెవరూ నిద్రజబ్బుతో వచ్చిన రోగులు కారు, రోజూ పనికి వెళ్లే మామూలు పట్నవాసులు.

తర్వాత వాళ్లలో కొందరికి సలహాలు ఇచ్చారు. పరుపు, దిండు, కంటి గంతలు, చెవి బిరడాలు, టేబుల్ ఫ్యాను లాంటివి ఇచ్చారు. మరికొందరికి ఎక్కువ నిద్రపోతే డబ్బు కూడా ఇచ్చారు. రాత్రి నిద్ర సగటున 27 నిమిషాలు పెరిగింది. ఆ పెరిగింది కూడా మంచం మీద ఇంకా ఎక్కువసేపు గడపడం వల్లే, నిద్ర నాణ్యతలో మార్పు లేదు. ఇంత చేసినా పనిలో వేగం పెరగలేదు, దృష్టి నిలకడ పెరగలేదు, మనసుకు హాయీ పెరగలేదు. అదే అధ్యయనంలో ఇంకో ఏర్పాటు ఉంది: మధ్యాహ్నం పనిచోటే అరగంట కునుకు. కునుకు తీసినవాళ్లలో పని చురుకుదనం, మనసు స్థిమితం, ఏకాగ్రత మూడూ మెరుగయ్యాయి. కునుకుకు పోయిన సమయం మేరకు పనిగంటలు తగ్గిన మాటా నిజమే. అయినా తెలుగు ఇళ్లు నెత్తిన పెట్టుకునే సలహా అక్కడ తేలిపోయింది, సోమరితనమని తిట్టే అలవాటు నిలబడింది. ఉక్కపోతలో, సముద్రపు తేమలో, ఇరుకు ఇళ్లలో చెన్నై పేదవాడి రాత్రికీ గోదావరి పాయల పక్క రాత్రికీ పెద్ద తేడా లేదు గనుక ఈ ఫలితాన్ని ఇక్కడ పక్కన పెట్టేయడానికి వీల్లేదు.

ఇలా ఎందుకు జరుగుతుందో తెలియాలంటే నిద్ర నడక చూడాలి. నిద్ర ఒకే ముద్దగా సాగదు. ఇంచుమించు గంటన్నరకు ఒక దఫా చొప్పున తేలిక నిద్ర, గాఢనిద్ర, కలల నిద్ర ఒకదాని వెంట ఒకటి వస్తాయి. గాఢనిద్ర చాలావరకు రాత్రి మొదటి సగంలో అయిపోతుంది, తెల్లవారుజాము వైపు కలల నిద్ర పెరుగుతుంది. మెలకువ వచ్చిన ప్రతిసారీ మళ్లీ అడుగు మెట్టు నుంచి మొదలుపెట్టాలి. అలా పదేపదే తెగిన ఆరు గంటలు ఆరు గంటల విశ్రాంతినివ్వవు. ఆ మెలకువల్లో చాలావాటి జ్ఞాపకం పొద్దునకు మిగలదు. ‘బాగానే పడుకున్నాను, అయినా నీరసంగా ఉంది’ అనే మాట అక్కడే పుడుతుంది. ఆ మనిషి అబద్ధం చెప్పడం లేదు. పడుకున్నది నిజం, నీరసమూ నిజం. అందుకే ఆ నీరసానికి గంటలు కలపడం మందు కాదు, నిద్రను తెంపుతున్నది ఏదో వెతకాలి.

గౌతమీ గోదావరి సముద్రంలో కలిసే చోటికి దగ్గరగా, సుమారు 30 చదరపు కిలోమీటర్లలో ఒదిగిన యానాంను ఉదాహరణగా తీసుకుందాం. పుదుచ్చేరి ప్రభుత్వం కింద ఉన్నా నేలా నీరూ గాలీ అన్నీ డెల్టావే. మే నెలలో ఈ తీరాన రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రతే 27, 28 డిగ్రీల దగ్గర ఉంటుంది. పక్కనే ఏరు, మడ అడవులు, సముద్రం ఉండడంతో గాలిలో తేమ తగ్గదు. మనిషి నిద్రలోకి జారాలంటే ఒంటి లోపలి వేడి ఒక డిగ్రీ దాకా దిగాలి. అరచేతులు, అరికాళ్లు వెచ్చబడి ఆ వేడిని బయటికి వదలాలి, చెమట ఆరాలి. తేమ నిండిన గాలిలో చెమట ఆరదు, కారుతుంది. పైగా కలల నిద్రలో ఉన్నంతసేపు శరీరం తన వేడిని తాను సర్దుకునే శక్తిని చాలావరకు వదిలేస్తుంది. అందుకే ఉక్కపోత ముందుగా గాఢనిద్రనూ కలల నిద్రనూ కొరికేస్తుంది. మంచం మీది గంటలు మాత్రం లెక్కకు అలాగే ఉంటాయి.

ఇందులో ఇంటి కప్పు పాత్ర చాలా పెద్దది. గోదావరి డెల్టా ఊళ్లన్నిటిలాగే ఇక్కడా తాటాకిళ్లు, పెంకుటిళ్లు పోయి స్లాబు డాబాలు లేచాయి. 1996 నవంబరు 6న కాకినాడ, యానాం తీరాన్ని తుపాను కొట్టాక పక్కా ఇల్లు కావాలనుకోవడంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. స్లాబు ప్రాణం కాపాడుతుంది. కానీ అదే స్లాబు పగలంతా ఎండను తాగి సాయంత్రం నుంచి అర్ధరాత్రి దాటేదాకా లోపలికి వదులుతుంది. వేసవిలో రాత్రి తొమ్మిదిన్నరకు అలాంటి గదిలో చెయ్యి పైకెత్తి కప్పు కింద ఉంచితే అట్లపెనం దగ్గర పెట్టినట్టు సెగ తగులుతుంది. గోడ ఇంకా వెచ్చగానే ఉంటుంది. పైన తిరిగే ఫ్యాను ఆ సెగగాలినే కిందికి తోస్తుంది. దోమతెర కట్టుకుంటే ఆ గాలి కూడా సగమే అందుతుంది, విప్పితే దోమలు. మంచం మీద స్పాంజి పరుపు వీపు వేడిని పట్టి ఉంచుతుంది. నులకమంచానికి ఆ ఇబ్బంది లేదు, అల్లిక సందుల్లోంచి కింది గాలి వీపుకు తగులుతుంది. డాబా పైన మాత్రం అదే సమయానికి హాయిగా ఉంటుంది, ఎందుకంటే పైభాగం తన వేడిని ఆకాశంలోకి వదిలి ముందే చల్లబడుతుంది. ‘పెందలాడే పడుకో’ అని చెప్పేవాళ్లు ఈ గదిలో, కప్పు ఇంకా సెగలు కక్కుతున్న వేళకే మనిషిని మంచమెక్కమంటున్నారు.

‘ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు’ అన్న సామెత ఇక్కడ అడ్డం వస్తుంది. అలిసినవాడికి కటికనేల మీదైనా నిద్ర పడుతుందనీ, వేడి, దోమ అని వంకలు పెట్టడం సుకుమారమనీ కొందరి వాదం. సామెత చెప్పింది నిద్ర రావడం గురించి. వచ్చిన నిద్ర తెగకుండా సాగడం గురించి అది ఏమీ చెప్పలేదు. ఒళ్లు వంచి పనిచేసినవాడు ఎక్కడైనా క్షణంలో నిద్రలోకి జారతాడు. ఆ తర్వాత అతని నిద్ర ఎన్నిసార్లు తెగిందో చెన్నైలో పరికరం లెక్కపెట్టింది, సామెతకు ఆ వీలు లేదు. పేదవాడికి నిద్ర సుఖంగా పడుతుందన్న ఊహ వినడానికి మెత్తగా ఉంటుంది, కానీ అతని గదికి గాలి రావడానికి ఒక కిటికీ కూడా పెట్టనివ్వదు.

అందువల్ల పగలు తేటగా ఉండడానికి మొదటి ఖర్చు మంచం మీద కాదు, కప్పు మీద పెట్టాలి. ఎండను తిప్పికొట్టే తెల్ల సున్నం కానీ తెల్ల పూత కానీ డాబా పైన వేస్తే స్లాబు తాగే వేడి తగ్గుతుంది. పైన తాటాకు పందిరి వేసి నీడ కల్పించినా పని జరుగుతుంది. ఎండ దిగాక డాబా మీద నీళ్లు చల్లడం పాత అలవాటే, అది ఆవిరై వేడిని తీసుకుపోతుంది. ఎదురెదురు కిటికీలకు దోమ జాలీ బిగిస్తే తెర అవసరం తగ్గి గాలి ఆడుతుంది. తెర తప్పనప్పుడు టేబుల్ ఫ్యానును మంచం ఎత్తున పక్కనుంచి పెట్టడం పైఫ్యాను కన్నా మేలు. ఇవేవీ చేయలేని అద్దె గదిలో, మే నెలలో, పదిన్నర పదకొండు దాకా ఆరుబయట కూర్చుని గది చల్లబడ్డాక పడుకోవడం బద్ధకం కాదు, తెలివైన పని.

పెందలాడే పడుకోవడమే ప్రకృతి ధర్మమని ఇంకో మాట వినిపిస్తుంది. కరెంటు రాకముందు మనుషులు పొద్దుగూకగానే నిద్రపోయేవారట. జెరోమ్ సీగల్ బృందం 2015లో అచ్చువేసిన అధ్యయనం దీన్ని నిలబడనివ్వలేదు. టాంజానియాలోని హాడ్జా, నమీబియాలోని సాన్, బొలీవియాలోని చిమానే ప్రజలు కరెంటు వెలుగు లేకుండానే బతుకుతారు. వాళ్లు పొద్దుగూకిన తర్వాత సగటున 3 గంటల 20 నిమిషాలకు గానీ నిద్రపోరు. మంచం మీద లేదా చాప మీద సుమారు 7 నుంచి 8.5 గంటలు, నిద్ర మాత్రం 5.7 నుంచి 7.1 గంటల మధ్య. వాళ్ల నిద్ర రాత్రి గాలి చల్లబడుతుండగా మొదలై, చల్లదనం అడుగంటే వేళ దాకా సాగుతుంది. యానాంలో జూన్ నెలాఖరు వైపు పొద్దుగూకేది 6 గంటల 37 నిమిషాలకు. ఆ లెక్కన నిద్రవేళ రాత్రి పది. డిసెంబరులో తొమ్మిదికి కాస్త ముందు. మే, జూన్‌లలో ఎనిమిదిన్నరకే దీపం ఆర్పేయడం ప్రకృతి ధర్మం కాదు, ఇటీవలి కట్టుకథ.

నిద్రకూ ఆకలి ఉంటుంది. మేలుకుని ఉన్న ప్రతి గంటకూ మెదడులో అడెనొసిన్ అనే పదార్థం పేరుకుంటూ ఆ ఆకలిని పెంచుతుంది. దానితో పాటు ఒంట్లో ఒక గడియారం నడుస్తూ ఉంటుంది, ఏ వేళకు మెలకువ, ఏ వేళకు మగత అని. ఈ రెండూ కలిస్తేనే నిద్ర అని అలెగ్జాండర్ బోర్బేలీ 1982లో చెప్పిన సిద్ధాంతం ఇప్పటికీ ఈ శాస్త్రానికి పునాది. దీన్ని పట్టించుకోకుండా మంచమెక్కితే ఏమవుతుందో ఒక రాత్రి లెక్క వేసి చూడవచ్చు. నిద్ర సరిగ్గా పట్టని ఒక గృహిణి తొమ్మిదిన్నరకే పడుకుంటుంది. నిద్ర పట్టేసరికి పదకొండున్నర. రెండుకు ఒకసారి, నాలుగుకు ఒకసారి మెలకువ, ప్రతిసారీ ముప్పావుగంట పైకప్పు చూడడం. పొద్దున ఏడింటికి లేస్తుంది. మంచం మీద తొమ్మిదిన్నర గంటలు, నిద్ర ఆరు గంటలు. మూడున్నర గంటలు ఆ మంచం ఆమెకు నేర్పింది మేలుకోవడం, రేపటి గురించి బెంగపడడం. ఇంట్లోవాళ్లు ఇప్పుడు ‘ఇంకా ముందే పడుకో’ అంటారు. తొమ్మిదికి పడుకుంటే నిద్ర ఆకలి ఇంకా తక్కువ, గది ఇంకా వేడి. దొర్లే గంటలు నాలుగవుతాయి.

వైద్యం దీనికి సరిగ్గా ఎదురు దారిలో వెళుతుంది. ఆర్థర్ స్పీల్మన్ 1987లో చూపిన పద్ధతి మంచం మీది గంటలను పెంచదు, తగ్గిస్తుంది. పైన చెప్పిన మనిషిని రాత్రి పన్నెండుకు ముందు మంచమెక్కవద్దంటారు, పొద్దున ఆరింటికి తప్పకుండా లేవమంటారు. మొదటి వారం కష్టంగానే ఉంటుంది, పగలు మగత పెరుగుతుంది కూడా. తర్వాత ఆరు గంటలూ అతుకుల్లేకుండా కుదురుకుంటాయి. అప్పుడు పావుగంట చొప్పున ముందుకు జరుపుతారు. రిచర్డ్ బూట్జిన్ 1972లోనే చెప్పిన ఇంకో నియమం దీనికి తోడు: నిద్ర పట్టకుండా ఇరవై నిమిషాల దాకా గడిచిందనిపిస్తే లేచి వెళ్లి వేరేచోట కూర్చోవాలి, మగత వచ్చాకే మంచానికి తిరిగి రావాలి. 2016లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ దీర్ఘకాలపు నిద్రలేమికి మందుల కన్నా ముందు ఈ పద్ధతులున్న చికిత్సనే మొదలుపెట్టాలని సిఫారసు చేసింది. మూర్ఛ ఉన్నవాళ్లు, వాహనాలు నడిపేవాళ్లు డాక్టరు సాయం లేకుండా దీన్ని చేయకూడదు. అయినా ఇంత గట్టి ఆధారమున్న చికిత్స తెలుగులో ఇంటింటికీ చేరకుండా, దానికి తలకిందులైన సలహా మాత్రం చేరడం బాధ కలిగించే సంగతి.

నిద్రను నిలబెట్టే మేకు పడుకునే వేళ కాదు, లేచే వేళ. ఈ విషయంలో యానాం వాసులకు భూగోళం కలిసొచ్చింది. భారత ప్రామాణిక కాలాన్ని నిర్ణయించే 82 డిగ్రీల 30 నిమిషాల తూర్పు రేఖాంశం కాకినాడకు దగ్గరగా పోతుంది. యానాం దానికి పావు డిగ్రీకి కాస్త ఎక్కువ దూరం మాత్రమే పడమరన ఉంది. గోడ గడియారానికీ సూర్యుడికీ మధ్య ఇక్కడ సగటున ఒక నిమిషం తేడా. గుజరాత్‌లోని ద్వారకలో అదే తేడా యాభై నిమిషాలు దాటుతుంది. పొద్దుపొడుపు జూన్‌లో ఐదున్నరకు, డిసెంబరులో ఆరూ ఇరవై ఐదుకు. ఏడాదంతా ఆరింటికి లేచే మనిషి సూర్యుడికి అరగంట అటూ ఇటూగా లేస్తున్నట్టే. ఇంత సులువును ఆదివారం తొమ్మిదింటిదాకా దొర్లి పాడుచేసుకుంటే సోమవారం పొద్దున ఒళ్లు వేరే దేశంలో దిగినట్టుంటుంది.

లేవడంతో సరిపోదు, వెలుగు కంట్లో పడాలి. ఒంట్లోని గడియారాన్ని దిద్దే ప్రత్యేక కణాలు కంటి వెనుక పొరలో ఉన్నాయని 2002లో డేవిడ్ బెర్సన్ బృందం చూపింది. వాటికి కావలసింది ఆరుబయటి వెలుగు. మబ్బు పట్టిన రోజున కూడా పొద్దుపొడిచిన కాసేపటికి బయట వెలుగు వేల లక్సులు దాటుతుంది, ట్యూబులైటు వేసిన గదిలో రెండు మూడు వందలు మించదు. వాకిలి ఊడ్చి, కళ్లాపి చల్లి, వంగి ముగ్గు పెట్టే మనిషి ఆ అరగంటలో తన గడియారాన్ని సరిచేసుకుంటోంది, ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పకపోయినా. లోపలి గదిలో టీవీ ముందు కాఫీ తాగే మనిషికి ఆ లాభం లేదు.

మధ్యాహ్నం నడుం వాల్చడాన్ని తప్పుబట్టడం కూడా ఈ నమ్మకంలో భాగమే. రాత్రి సరిగ్గా పడుకున్నవాడికి పగలు నిద్రేమిటని నిలదీస్తారు. మధ్యాహ్నం ఒంటిగంట, మూడు మధ్య మగత రావడం అన్నం తిన్నందుకే కాదు, ఒంట్లోని గడియారం నడకలోనే ఆ దిగుడు ఉంది. చరకసంహిత మిగతా రుతువుల్లో పగటి నిద్ర మంచిది కాదంటూనే గ్రీష్మంలో దాన్ని అనుమతించింది, రాత్రులు చిన్నవని కారణం చెప్పింది. ఉక్కపోతకు రాత్రి నిద్ర తెగే ఊరిలో, మధ్యాహ్నం మూడు లోపు ఇరవై నుంచి ముప్పై నిమిషాల కునుకు నష్టాన్ని కొంత పూడుస్తుంది. అంతకు మించితే గాఢనిద్రలోకి జారి లేచేసరికి మత్తు పట్టుకుంటుంది, రాత్రికి దాచుకోవాల్సిన ఆకలి కూడా తీరిపోతుంది. రాత్రి మంచం మీద మేలుకుని దొర్లేవాళ్లు మాత్రం కుదుటపడేదాకా కునుకు మానుకోవాలి. ఈ రెండు రకాల మనుషులకు ఒకే మాట చెప్పకూడదు.

గంటల లెక్క బొత్తిగా పనిచేయని బతుకులు కూడా ఈ తీరాన ఉన్నాయి. పోటూ పాటూ చూసుకుని వేటకు వెళ్లే మత్స్యకారుడికి ఆ వేళ రోజుకు ఇంచుమించు యాభై నిమిషాలు వెనక్కి జరుగుతుంది. మనిషి గడియారం 24 గంటలకు కొద్ది నిమిషాలే ఎక్కువ, అది రోజుకు యాభై నిమిషాల చొప్పున జరగలేదు. రొయ్యల చెరువుల కాపలాదారుడి పని ఇంకా కష్టం. నీటిలో ప్రాణవాయువు అన్నిటికన్నా తగ్గేది తెల్లవారే ముందు గనుక, ఏరేటర్లు ఆగకుండా చూసుకోవడానికి అతను మేలుకోవాల్సింది ఒళ్లు అన్నిటికన్నా గట్టిగా నిద్ర కోరే వేళలోనే. వీళ్లను ‘రాత్రి త్వరగా పడుకో’ అనడం అన్యాయం. వాళ్లకు కావలసింది పగలు చీకటిగా, చల్లగా ఉంచిన గది, ఇంటికి వచ్చేటప్పుడు కళ్లకు ఎండ తగలకుండా నల్లద్దాలు, పగటి నిద్రను పక్కింటి మైకు చెడగొట్టకుండా చూసే ఊరు.

ఇక మందు సంగతి. చుట్టుపక్కల జిల్లాల వాళ్లకు యానాం అంటే చవక మద్యం గుర్తొస్తుంది. రాత్రి ఒక క్వార్టరు వేస్తే నిద్ర గాఢంగా పడుతుందన్న నమ్మకమూ గంటల నమ్మకానికి చుట్టమే, ఎందుకంటే అదీ పడిన నిద్రనే చూస్తుంది గానీ తెగిన నిద్రను చూడదు. 180 మిల్లీలీటర్ల విస్కీలో 42.8 శాతం చొప్పున సుమారు 61 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది. కాలేయం గంటకు 7 నుంచి 10 గ్రాములు ఖర్చు చేస్తుంది. రాత్రి తొమ్మిదిన్నరకు తాగింది అయిపోయేసరికి తెల్లవారుజాము నాలుగు నుంచి ఆరు. మొదటి సగంలో కలల నిద్రను అణిచిపెడుతుంది, రెండో సగంలో మెలకువలు, మూత్రానికి లేవడం, నోరెండిపోవడం. గొంతు కండరాలు వదులై గురక పెరుగుతుంది. బలవంతపు నిద్రకు తెలుగు నేల చెల్లించిన మూల్యం ఇంకా ఘోరమైనదీ ఉంది. తెలంగాణలో కల్తీ కల్లులో అల్ప్రాజోలం లాంటి నిద్రమందులు కలిపేవారు. 2015లో దాన్ని అడ్డుకున్నప్పుడు అలవాటుపడినవాళ్లు వణుకు, భ్రాంతులు, మూర్ఛలతో ఆసుపత్రులకు పరుగెత్తారు. నిద్రమాత్రలను డాక్టరు చెప్పకుండా మొదలుపెట్టకూడదు, రోజూ వాడేవాళ్లు ఒక్కసారిగా ఆపనూ కూడదు. సాయంత్రం ఆరింటి టీ కూడా అమాయకమైనది కాదు, అందులోని కెఫీన్‌లో దాదాపు సగం రాత్రి పదకొండుకూ రక్తంలోనే ఉంటుంది.

గురక పెట్టి పడుకునేవాడిని చూసి ‘ఎంత హాయిగా నిద్రపోతున్నాడో’ అనుకోవడం వీటన్నిటిలోకీ ప్రమాదకరమైన పొరపాటు. గురక మధ్యలో ఒక్కసారిగా నిశ్శబ్దం, పది సెకన్లో ఇరవై సెకన్లో ఊపిరి ఆగడం, తర్వాత గట్టిగా ఎగశ్వాస, మళ్లీ గురక. ఇది గంటకు ఐదుసార్లు మించి, పగలు మగత కూడా ఉంటే దాన్ని స్లీప్ ఆప్నియా అంటారు. కొందరిలో గంటకు ముప్పైసార్లు దాటుతుంది. ప్రతిసారీ మెదడు మేలుకుంటేనే ఊపిరి తిరిగొస్తుంది. ఇలాంటి మనిషి పది గంటలు పడుకున్నా పగలు కూర్చున్నచోటే తూలుతాడు. రక్తపోటు తరచూ మందులకు లొంగదు. యానాం, ఎదుర్లంక మధ్య వంతెన మీద అర్ధరాత్రి లారీ నడుపుతున్నది అతనే అయితే ఆపద అతనొక్కడికే కాదు. ముక్కుకు తొడుగు పెట్టి గాలిని ఒత్తిడితో పంపే యంత్రాన్ని కొలిన్ సలివన్ 1981లోనే సిడ్నీలో రూపొందించాడు. బరువు తగ్గడం, పక్కకు తిరిగి పడుకోవడం, రాత్రి మద్యం మానడం కూడా ఉపకరిస్తాయి. ముందుగా కావలసింది మాత్రం పక్కన పడుకున్న మనిషి ఆ ఊపిరి ఆగడాన్ని గమనించి డాక్టరుకు చెప్పడం, ఎందుకంటే రోగికి అది తెలియదు.

అలసట నిద్రకు సంబంధించినదే కాకపోవచ్చు కూడా. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. వాళ్ల నీరసాన్ని నిద్ర ఖాతాలో రాసి ‘కాస్త పడుకోమ్మా’ అని పంపేయడం వైద్యం కాదు. థైరాయిడ్, మధుమేహం, మనసు కుంగుబాటు కూడా ఇలాగే నిద్రలేమి వేషంలో వస్తాయి. ‘రాత్రయితే కాళ్లు లాగుతున్నాయి, పీకుతున్నాయి, కదిపితే గానీ ఊరుకోవు’ అని ఆడవాళ్లు చెప్పే బాధకు తరచూ ఇనుము కొరతతో సంబంధం ఉంటుంది. యానాంలో ప్రభుత్వాసుపత్రి ఉంది, 2024 ఫిబ్రవరిలో జిప్మర్ కన్సల్టింగ్ యూనిట్ కూడా ప్రారంభమైంది. హిమోగ్లోబిన్‌తో పాటు ఫెర్రిటిన్ పరీక్ష చేయించి, తక్కువని తేలితే డాక్టరు చెప్పినన్నాళ్లు ఐరన్ తీసుకుంటే ఆ లాగుడు చాలామందిలో తగ్గుతుంది. కాళ్లు నిమ్మళించాక అదే మంచం మీద, అదే వేళకు, నిద్ర తెగకుండా తెల్లారేదాకా సాగుతుంది.